రెండో తాడు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. ఉదయం నుంచి పడుతున్న సన్నటి వాన అప్పుడే వెలిసింది. తడి గోడల మీద ఎండ తెల్లగా కొడుతోంది. గాలి లేదు. మిల్లు సైరను మోగింది. అది మోగవలసిన వేళ కాదు. అమ్మ కుట్టుమిషను చక్రం మీద అరచెయ్యి ఆన్చి ఆపింది. నేను ఇస్త్రీపెట్టెను నిలబెట్టాను. మామూలుగా ఒకసారి కూసి ఊరుకునే సైరను ఆ రోజు ఊరుకోలేదు.

"గాదె," అంది అమ్మ. అంతే. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చదువుతూ వేసవి సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ వేసవిలో జరిగిన ప్రతిదానికీ ఒక కారణం ఉంది. ఒక్కదానికి మాత్రం లేదు. ఆ ఒక్కదాని చుట్టూనే మా ఇల్లంతా తిరిగింది.

నాన్న పిండిమిల్లులో గాదెల మేస్త్రీ. ఆ గాదెలు ఇళ్లలో ధాన్యం పోసుకునేలాంటివి కావు, నాలుగంతస్తుల మేడంత ఎత్తున నిలబెట్టిన సిమెంటు గొట్టాలు. గోధుమలు పైనుంచి పోస్తారు, కిందినుంచి మరలోకి తీసుకుంటారు. ఆ ఏడు వేళ కాని వానలు పడ్డాయి. పైకప్పు రేకుల సందుల్లోంచి చెమ్మ దిగి మూడో గాదెలో పైభాగం గట్టిగా అట్టకట్టింది. కింద గింజ జారిపోతూనే ఉంది, పైన అట్ట మాత్రం కదలకుండా నిలిచింది. అంటే నడుమ అంతా ఖాళీ. అటువంటప్పుడు నడుముకు తాళ్లు కట్టుకుని ఇద్దరు దిగి గునపాలతో దాన్ని పగలగొట్టాలి. పైమూత దగ్గర ఒక మనిషి తాళ్లు చూసుకుంటూ ఉంటాడు. అవసరమైతే లాగడానికి అక్కడున్నది ఒకే ఒక చేతి గిలక.

ఆ రోజు దిగినవాళ్లు నాన్న, బాబాయి. బాబాయితో మాకు రక్తసంబంధం లేదు. మీసాలు రాకముందే ఇద్దరూ ఒకే వారంలో మిల్లులో చేరారు, అప్పటినుంచీ నాన్న ఆయనకు అన్నయ్య. పైన ఉన్నాయనను మిల్లంతా 'గిలక' అనే పిలిచేది, ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఆయనను అన్నయ్యా అనేది కనుక నాకు మావయ్య.

అట్ట ఒక్కసారిగా విరిగింది. ఇద్దరూ గింజలో కూరుకుపోయారు. గోధుమ నీళ్లలాంటిది కాదు. ఈదనివ్వదు, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఛాతీ చుట్టూ ఇంకాస్త బిగుస్తుంది. గిలక మావయ్య ఒక తాడును గిలకకు తగిలించి తిప్పాడు. నాన్న పైకి వచ్చాడు. మిగిలినవాళ్లు పరుగెత్తుకొచ్చి రెండో తాడును తగిలించేటప్పటికి ఆలస్యమైపోయింది.

ఆ తరువాత జరిగింది అర్థం కావాలంటే మా క్రైస్తవ సంఘం సంగతి చెప్పాలి. మాది చిన్న సంఘం, సిద్ధాంతంలో మాత్రం ఇనుము. మనిషి తన రక్షణకు తాను చేయగలిగింది ఏదీ లేదు. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్లను ఏర్పరచుకున్నాడు. వాళ్లలో ఏదో మంచిని ముందుగా చూసి కాదు, కేవలం తన చిత్తాన్ని బట్టి. అలా ఏర్పరచుకున్నవాళ్లను చివరిదాకా వదలడు. నాన్న సంఘ పెద్ద కూడా. ఆదివారం మధ్యాహ్నాలు ఈ పాఠం ఆయనే చెప్పేవాడు. అందులో ఒక ఉదాహరణ నాకు కంఠతా వచ్చు.

"మునిగినవాడు చెయ్యి చాపి తాడు పట్టుకున్నాడనుకోకండి. వాడు అప్పటికే అడుగున పడి ఉన్నాడు. చచ్చినవాడు చెయ్యి చాపుతాడా? చాపడు. లాగినవాడే లాగాడు. వాడు చేసిందేమిటి? బరువుగా ఉండడం, అంతే!"

ఆ చివరి మాటకు అందరూ నవ్వేవాళ్లు.

మా సంఘానికి ఇంకో అలవాటు ఉంది. ఏడాదికి రెండుసార్లు ప్రభువు బల్ల ఏర్పాటు చేస్తారు. ఆలయం మధ్యలో పొడుగాటి నిజమైన బల్లే వేసి, తెల్లగుడ్డ పరిచి, చుట్టూ కూర్చుని రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. దానికి ముందు వారం ఇద్దరు పెద్దలు ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతారు: "దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడన్న నిశ్చయం నీకుందా?" ఉందన్నవాళ్లు బల్ల దగ్గర కూర్చుంటారు. లేనివాళ్లు వెనకబెంచీల్లో ఉండి చూస్తారు. బాబాయి ప్రతిసారీ వెనకబెంచీయే. నాన్న ఆయనను ప్రతిసారీ అడిగేవాడు, ఆయన ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు.

"ఎన్నుకున్నాడో లేదో నన్నడుగుతావేంటన్నయ్యా? ఎన్నుకున్నాయన్ని అడుగు. నాకు కబురు రాలేదు మరి."

"సరే, వచ్చేసారి చూద్దాం," అని నాన్న లేచేవాడు. పిన్ని ఇద్దరికీ టీ ఇచ్చేది. మొగుడు కూర్చోని బల్ల దగ్గర తానూ కూర్చోనని ఆవిడ పట్టుబట్టింది కనుక ఆవిడదీ వెనకబెంచీయే.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు నాన్న ఆ ఇంటికి వెళ్లాడు. అమ్మా, నేనూ ఆయన వెనకాలే వెళ్లాం. నాన్న ఇంకా దగ్గుతున్నాడు, దగ్గినప్పుడల్లా రుమాలులో గోధుమ పొట్టు పడేది. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు లేదు. నాన్నను చూసి సూటిగా అడిగింది.

"బావగారూ, ఆయన దేవుడి దగ్గరికి వెళ్లాడా?"

నాన్న నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగిన తరువాత కూడా ఆయన జవాబు చెప్పలేదు. పిన్ని కాసేపు ఎదురుచూసి తల తిప్పుకుంది. ఇంటికి తిరిగి వచ్చాం. గుమ్మం ఎక్కుతూ నాన్న, మాలో ఎవరినీ ఉద్దేశించకుండా, "నన్నెందుకు లాగాడు?" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో మకాం పెట్టింది. కుర్చీలో కూర్చున్నా అదే, కంచం ముందు కూర్చున్నా అదే. ఆదివారం పాఠానికి వెళ్లడం మానేశాడు. గడ్డం మాసింది. ఈసారి బల్ల దగ్గర కూర్చోనని, పెద్దరికం కూడా వదిలేస్తానని కబురు పంపాడు. పాస్టరు గారు పరుగెత్తుకొచ్చారు. ఆయన చిన్నవాడు, నాన్న దగ్గర పాఠం నేర్చుకున్నవాడే.

"మేస్త్రీ గారూ, మీకు నేను చెప్పేదేముంది. మనలో ఏ కారణమూ లేదు. కారణమంతా ఆయన చిత్తంలోనే ఉంది. ఈ మాట మాకు నేర్పింది మీరే కదా."

"నేనే అయ్యగారూ. ముప్పై ఏళ్లు నేర్పాను. కానీ నా ఉదాహరణలో మునిగినవాడు ఒక్కడే ఉండేవాడు."

పాస్టరు గారు చేతిలోని బైబిలు తెరవబోయారు.

"రెండోవాడి సంగతి ఎవరూ అడగలేదు," అన్నాడు నాన్న. "నేనూ అడగలేదు. వాడు నా భుజానికి భుజం తగిలించి నిలబడేదాకా."

పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర నన్ను చూసి, "మీరు తర్కం చదువుతున్నారట కదా, మీరైనా చెప్పండి," అన్నారు. నేను ఏం చెప్పను? తర్కం ప్రకారం రెండే దారులు. ఒకటి, కారణం నాన్నలో ఉంది. అప్పుడు బాబాయిలో అది లేదు. రెండు, కారణం ఎవరిలోనూ లేదు. అప్పుడు పైన ఉన్న చెయ్యి ఎటుపడితే అటు పోయింది. మొదటిది నమ్మడానికి నాన్నకు మనసొప్పదు, రెండోది మోయడానికి ఒళ్లొప్పదు. మూడో దారి ఒకటుండాలని నేను ఎన్ని రకాలుగా వెతికినా దొరకలేదు. పైగా, మిల్లులో ఒక గిలక లాగినదానికీ, లోకం పుట్టకముందు జరిగిన ఏర్పాటుకూ సంబంధమేమిటి? ఏమీ లేదు. ఆ రెండింటినీ కలపకూడదని నాన్నకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ కలిపేశాడు.

అమ్మ మాత్రం తర్కంతో కాలక్షేపం చేయలేదు. ఒక రోజు మిషను ముందు కూర్చుని దారం ఎక్కిస్తూ అంది.

"మీ నాన్నకి ఒక కారణం కావాలి. లేకపోతే ఆ మనిషి మనకి దక్కడు."

"కారణం ఉండదనేగా నాన్న పాఠం."

"పాఠం వేరే, పొట్ట వేరే. తిండి దిగడం లేదు, కనపడటం లేదూ? గిలకన్నయ్య చేత ఏదో ఒకటి చెప్పించాలి."

"ఏమని? నువ్వు మంచివాడివి, అందుకే లాగానని చెప్పించు."

"చాల్లే! మంచి అన్న మాట వింటే మీ నాన్న గునపం తీస్తాడు. దేవుడి ముందు మన మంచి మురికిగుడ్డ అని పెళ్లయిన కొత్తలోనే నాకు పాఠం చెప్పాడు. ఇంకా నయం, పెళ్లికొడుకని ఊరుకున్నాను."

"పెళ్లాంబిడ్డలున్నారని?"

"వాడికీ పెళ్లాం ఉంది అంటాడు." అమ్మ దారం కొరికి ఆలోచించింది. "అరిచావు, వినిపించింది, లాగాను. అదైతే సరిపోతుంది. అరవడంలో గొప్పేముంది? అది మంచీ కాదు, పుణ్యమూ కాదు. ఎవరైనా అరుస్తారు."

అమ్మ ముప్పై ఏళ్లుగా సంఘ పెద్ద భార్య. ఏ అబద్ధం నాన్న వేదాంతానికి అతుకు కనపడకుండా కుట్టుకుంటుందో ఆవిడకు బట్టల కొలతల్లాగే తెలుసు. మరో ఇంట్లో అయితే భర్తకు ధైర్యం చెప్పడానికి అతని మంచితనాన్ని పొగిడేవాళ్లు. మా ఇంట్లో పొగడ్త పనికిరాదు కనుక కేకను ఎంచుకుంది. ఆ కేకలోనే మొత్తం ప్రమాదం ఉందని ఆవిడకు తట్టలేదు.

గిలక మావయ్య మర్నాడు పని దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. ఆయనకు ఏ సంఘమూ లేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, అమ్మ వైపు చూడకుండా కూర్చున్నాడు.

"మేస్త్రీ, నువ్వు అరిచావు. అందుకని లాగాను."

నాన్న తలెత్తాడు. "అరిచానా? నోటినిండా గింజలే కదరా."

"దానికి ముందు."

"ఏమని?"

గిలక మావయ్య ఇంతవరకే సిద్ధపడి వచ్చినట్టున్నాడు. టోపీని రెండుసార్లు తిప్పాడు. "లాగరా, అన్నావు."

"పేరెట్టి పిలిచానా?"

"ఆఁ. గిలకా, లాగరా, అన్నావు."

"గిలకా అన్నానా!" నాన్న లేచి నిలబడ్డాడు. ఎన్నో రోజుల తరువాత ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. "నాకు గుర్తే లేదు చూడు! నేను అరిచానన్నమాట!"

ఆ పూట రెండోసారి వడ్డించమన్నాడు. మర్నాడు గడ్డం గీసుకున్నాడు, గీసుకుంటూ పాట కూడా పాడాడు. అమ్మ వంటింట్లో కొంగుతో కళ్లు తుడుచుకుని, "చూశావా," అంది నాతో. చూశాను. నాకు సంతోషంగానూ ఉంది, తలలో ఏదో గుచ్చుకుంటూనూ ఉంది.

ఆదివారం నాన్న పాఠానికి వెళ్లాడు. హాలు నిండిపోయింది. ఆయన పాత ఉదాహరణే మొదలుపెట్టాడు, కానీ సగంలో అది దారి తప్పింది.

"వాడు అడుగున ఉన్నాడు. ఉన్నా సరే, ఒక్క కేక వేశాడు. ఒక్క కేక చాలు! పైన ఉన్నవాడు విన్నాడు, లాగాడు."

ముప్పై ఏళ్లుగా ఆయన ఏ మాటను వేళ్లతో సహా పెరికిపారేశాడో ఆ మాటే ఇప్పుడు ఆయన నోటినుంచి వచ్చింది. చచ్చినవాడు అరవడని, అరిచాడంటే దేవుడు అప్పటికే వాడికి ప్రాణం పోశాడని, ఆ కేక కూడా పైనుంచి వచ్చిన కృపేనని చెప్పే మనిషి ఆయన. ముందువరుసలో గడియారాలు బాగుచేసే పెద్దాయన కనుబొమలు ముడిచాడు. కానీ నాన్న తిరిగి వచ్చాడన్న సంతోషంలో ఆయన కూడా నోరు మెదపలేదు. సిద్ధాంతం ఒక వంక, బతికున్న స్నేహితుడు ఒక వంక. నేనూ ఊరుకున్నాను. నాన్న తింటున్నాడు కదా.

వెనకబెంచీలో పిన్ని ఉందని నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బావగారూ, మా ఆయన అరవలేదా?"

నాన్న చేతిలో టీ గ్లాసు ఉంది.

"మీరు అరిచారు కాబట్టి మిమ్మల్ని లాగాడన్నారు. మా ఆయన ఊరికే నోరు మూసుకుని ఉండే మనిషా? మీకు తెలుసుగా. నిద్రలో కూడా మాట్లాడేవాడు. చావు ముంచుకొస్తుంటే అరవకుండా ఉంటాడా? అరిచే ఉంటాడు. మరి ఆయన కేక ఎందుకు వినపడలేదు?"

"అమ్మా..." అన్నాడు నాన్న.

"లేదూ, నిజంగానే అరవలేదంటారా? అలాగైనా చెప్పండి. అరిస్తే బతికేవాడు, అరవలేదు, పోయాడు. తప్పు ఆయనదే అని అనుకుంటాను. రాత్రంతా అదే అనుకోవడానికి చూశాను. కుదరడం లేదు."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. ముఖంలోని రక్తమంతా వచ్చినంత వేగంగానే దిగిపోయింది. పాఠంలో రెండోవాణ్ని మరిచిపోయి ఆయన మళ్లీ ఒక్కణ్నే నీళ్లలో దించాడు, రెండోవాడి భార్య వెనకబెంచీలో కూర్చుని ఉండగా.

"పద," అన్నాడు. "లాగినవాణ్నే అడుగుదాం."

అమ్మ మిషను దగ్గరి నుంచి లేచింది. "నేనూ వస్తాను," అంది. ఆవిడ గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు.

గాదె బయటి గోడను చుట్టుకుంటూ ఇనుప మెట్లు ఉంటాయి. నాన్న ముందు, తరువాత పిన్ని, అమ్మ, నేను. నాన్న దగ్గు కోసం రెండుచోట్ల ఆగాం. పైన రేకుల కింద చీకటిగా, వెచ్చగా ఉంది. పచ్చిపిండి వాసన. ప్రతి మూత మీదా సన్నటి బూడిదరంగు దుమ్ము. మూడో గాదె మూతకు కొత్త గొలుసు వేసి ఉంది. గిలక మావయ్య గిలక పళ్లకు గ్రీజు పూస్తున్నాడు. నలుగురినీ చూసి, ముఖ్యంగా అమ్మను చూసి, చేతులు గుడ్డతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఒరేయ్," అన్నాడు నాన్న, "తమ్ముడు కూడా అరిచాడా?"

గిలక మావయ్య మళ్లీ అమ్మ వైపు చూశాడు.

"చెప్పన్నయ్యా," అంది అమ్మ. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను చెప్పమన్నది మరిచిపో."

నాన్న అమ్మ వైపు తిరిగి చూడలేదు. విన్నాడని మాత్రం నాకు తెలిసింది.

"ఎవరి కేకా వినలేదు మేస్త్రీ," అన్నాడు గిలక మావయ్య. "ఎవరు అరిచినా నాకు వినపడదు. అట్ట విరిగిన చప్పుడుకే చెవులు గింగుర్లెత్తిపోయాయి. దుమ్ము లేచింది. ఇంత దగ్గర ఉన్న నా చెయ్యి నాకే కనపడలేదు. ఇదిగో, ఈ కొక్కేలకే కట్టి ఉన్నాయి తాళ్లు. రెండూ ఒకటే రకం. చేతికి ఏది తగిలితే అది తీసి గిలకకేశాను. తిప్పాను. తల పైకొచ్చి మొహం మీద గింజలు తుడిచేదాకా అది నువ్వని నాకు తెలీదు."

"తెలీదా?"

"తెలీదు."

"ఎవరిదో అనుకుని ఉంటావు కదరా."

"ఎవరిదీ అనుకోలేదు. మనిషి అనుకున్నాను."

నాన్న అక్కడున్న ఖాళీ సంచుల దొంతర మీద కూర్చున్నాడు. కింద ఎక్కడో మర తిరుగుతున్న అదురు కాళ్లకు తెలుస్తోంది. అప్పుడు గిలక మావయ్య, ఇంతసేపూ తాను అడగాలనుకున్నది ఇదేనన్నట్టు, పిన్ని వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నేను తప్పు తాడు లాగానా?"

అప్పటిదాకా మేమెవరమూ ఆయన సంగతి ఆలోచించలేదు. నాన్న అడిగిన ప్రశ్నకు రెండోకొస పట్టుకుని ఆయన ఈ రేకుల కింద ఒంటరిగా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా మా గుమ్మంలో దాన్ని దించుకోలేదు.

పిన్ని ఆ ఇనుప గిలక మీద చెయ్యి వేసి, గ్రీజు అంటుకుంటే వేళ్లు చూసుకుంది.

"రెండూ లాగాల్సినవే అన్నయ్యా," అంది. "ఒకటైనా లాగావు."

తరువాత, "ఇంత ఎత్తు ఎక్కించారు, కాసిని మంచినీళ్లయినా ఇవ్వరేంటి మీ మిల్లులో?" అంది. గిలక మావయ్య కంగారుగా కూజా కోసం పరుగెత్తాడు.

దిగేటప్పుడు సగం మెట్ల దగ్గర నాన్న ఆగాడు. దగ్గు కోసం అనుకున్నాను. కాదు.

"అమ్మా, ఆ రోజు నన్నడిగావు. వాడు దేవుడి దగ్గరికి వెళ్లాడా అని."

"అడిగాను."

"నాకు తెలియదు."

పిన్ని కమ్మీ పట్టుకుని ఆయన వైపు చూసింది.

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదా బావగారూ. మీకు తెలిసే చెప్పడం లేదనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

ఆవిడ ముందుగా దిగింది. ఆవిడ నడక ఎక్కినప్పటికంటే తేలికగా ఉంది. ఎందుకో నాకు బోధపడలేదు. తెలియదన్న మాట ఎవరినైనా ఎలా ఓదారుస్తుంది? నాన్నదీ అంతే. ఆయన భరించలేనన్నది సరిగ్గా దీన్నే: కారణం లేదన్నదాన్ని. ఇప్పుడు దాన్నే గిలక మావయ్య నోట విని ఆయన ఇంటికొచ్చి నిద్రపోయాడు, మధ్యాహ్నంపూట, చెప్పులతోనే. అమ్మ ఆ చెప్పులు విప్పింది. ఆవిడ అబద్ధం గురించి నాన్న ఆ రోజూ అడగలేదు, ఆ తరువాతా అడగలేదు. ఒక్కసారి మాత్రం భోజనం దగ్గర, "కేక బాగానే కనిపెట్టావు," అన్నాడు. అమ్మ గరిటె జారవిడిచింది.

బల్లకు ముందు వారం పెద్దలు ఇళ్లకు బయలుదేరారు. నాన్న పెద్దరికం వదిలేస్తానన్న మాట ఇంకా తేలలేదు కనుక ఆయన బదులు పాస్టరు గారు, గడియారాల పెద్దాయన మా ఇంటికి వచ్చారు. పిన్ని ఆ వేళ లోపలిగదిలో అమ్మకు గుండీలు కుట్టిపెడుతోంది. పిన్ని పొద్దుపోవడానికి రోజూ వస్తోంది అప్పటికి.

అమ్మను అడిగారు. ఉందంది. నన్ను అడిగారు. నేను ఏ జవాబు చెప్పానో ఈ కథకు అవసరం లేదు. తరువాత గడియారాల పెద్దాయన మొహమాటంగా నవ్వి, "మేస్త్రీ, నిన్నడగడమేమిటిలే, వదిలేద్దాం," అన్నాడు.

"అడగండి," అన్నాడు నాన్న.

"సరే. దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడన్న నిశ్చయం నీకుందా?"

"లేదు."

గడియారాల పెద్దాయన అలవాటుకొద్దీ గోడగడియారం వైపు చూశాడు.

"నాకూ లేదు," అంది పిన్ని లోపలినుంచి. "నన్నడగలేదనుకోండి. ఎలాగూ వచ్చారు కాబట్టి చెబుతున్నాను. మా ఇంటికి విడిగా రానక్కర్లేదు."

పాస్టరు గారు తలుపు వైపూ, నాన్న వైపూ మార్చిమార్చి చూశారు. లేదన్నవాళ్లను వెనకబెంచీకి పంపడం ఆనవాయితీ. పిన్నిని ఇన్నేళ్లూ పంపారు. ఇప్పుడు అదే జవాబు చెప్పినవాడు ఆ పాఠం నేర్పిన మనిషి. ఒకరిని పంపి ఒకరిని ఉంచడానికి కారణం వెతకాలి. కారణం వెతికితే అది మళ్లీ మనిషిలోనే వెతకాలి. ఆ చిక్కు పాస్టరు గారి ముఖంలో ఒక్కొక్క మెలికే పడటం నేను చూశాను.

"ఏం చేద్దామండీ?" అని ఆయన పెద్దాయనను అడిగారు.

"నన్నడుగుతారేంటి? నాది ముల్లు సరిచేసే పని," అన్నాడు పెద్దాయన. తరువాత గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న సిద్ధాంతంలో ఎక్కడా లేదు. మన తాతలు పెట్టింది. నాకు కూడా కొన్ని ఏళ్లు నిశ్చయం ఉందనిపించింది, కొన్ని ఏళ్లు... సరే, ఎందుకిప్పుడు," అన్నాడు.

పాస్టరు గారు నాన్న ఎదురుగా కూర్చున్నారు. "మరి మీరు రారా?"



"పిలిస్తే వస్తాను," అన్నాడు నాన్న.

"పిలుస్తున్నాను," అన్నారు పాస్టరు గారు. అని, తాను చేసింది ఒప్పో తప్పో తెలియనివాడిలా లోపలిగది వైపు గొంతు పెంచి, "మిమ్మల్ని కూడానమ్మా," అన్నారు.

లోపల గుండీల డబ్బా మూత పడిన చప్పుడైంది.

ఆదివారం బల్ల చుట్టూ అందరూ కూర్చున్న తరువాత పిన్ని వెనకబెంచీలోంచి లేచి వచ్చింది. నాన్న పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుంది. రొట్టె పళ్లెం నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన తీసుకుని పళ్లెం ఆవిడకు అందించాడు. ఆవిడ ఆ ముక్కను బట్ట నాణ్యం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి నోట్లో వేసుకుంది. బయటికొచ్చాక అమ్మతో, "ఇన్నేళ్లూ ఏమో అనుకున్నానక్కా. మామూలు రొట్టే," అంది. అని, అప్పుడు ఏడ్చింది. బాబాయి పోయిన తరువాత ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు.

నేను విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లాను. ఆ రెండు దారులకు మూడోది ఇప్పటికీ దొరకలేదు.

ఆ మరుసటి ఏడాది సంఘం ఆ ప్రశ్న అడగడం మానేసింది. నాన్న పోయిన తరువాత వచ్చిన కొత్త పాస్టరు దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. పిన్ని బతికున్నంతకాలం ప్రతిసారీ లేదనే చెప్పింది, ప్రతిసారీ వెళ్లి బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడను లేవమనడం ఎవరివల్లా కాలేదు.